వాసన బూట్లది కాదు, తడిది!

సాయంత్రం నాలుగున్నర అవుతుంది. వీధి చివర స్కూలు ఆటో హారన్ వినపడగానే మనం స్టవ్ మీద పాలు పెడతాం. పిల్లాడు గుమ్మంలోకి వచ్చీ రాగానే బ్యాగు ఒక మూలకి, బూట్లు ఒక మూలకి విసిరేస్తాడు. ఒక సాక్సు సోఫా కిందకి పోతుంది. రెండోది ఎక్కడ పడిందో ఆ దేవుడికే తెలియాలి. మరో నిమిషంలో హాలంతా గుప్పుమంటుంది! "ఛీ, ఏమిట్రా ఈ కంపు? పొద్దున శుభ్రంగా స్నానం చేసే వెళ్ళావుగా!" అని మనం. "ఇవాళ ఆటల పీరియడ్ ఉందమ్మా" అని వాడు. వెంటనే ఒక అగరొత్తి వెలిగించి, కిటికీలు తెరిచి, బూట్లు బాల్కనీలోకి నెట్టేసి హమ్మయ్య అనుకుంటాం. మర్నాడు పొద్దున మళ్ళీ అవే బూట్లు, అదే వాసన.

ఇది మా ఒక్క ఇంటి గొడవే అనుకుంటున్నారా? కాదండీ. పిల్లలకి బడిలో ఆటలు, అమ్మాయికి షటిల్ కోచింగు, పోలీసు ఉద్యోగం కోసం తెల్లవారుజామునే పరుగులు తీసే మరిది, షుగరు వచ్చిందని వాకింగు మొదలుపెట్టిన మామగారు... స్పోర్ట్స్ షూస్ లేని ఇల్లు ఈ రోజుల్లో అరుదు. వాటితో పాటు ఆ వాసనా వచ్చి చేరుతుంది.

పైకి ఇది చిన్న విషయంలాగే కనిపిస్తుంది. కానీ ఒక్కసారి పదమూడేళ్ళ పిల్లాడి వైపు నుంచి చూడండి. కంప్యూటర్ గదిలోకి బూట్లు విప్పి వెళ్ళమంటారు. పక్కవాళ్ళు ముక్కు మూసుకుని నవ్వుతారు. ఆ పిల్లాడు ఇంటికొచ్చి ఆ మాట మనతో చెప్పడు. స్నేహితుడి పుట్టినరోజుకి వెళ్ళమంటే "తలనొప్పిగా ఉంది" అంటాడు. గుడికి రమ్మంటే చెప్పులు వేసుకునే వస్తానని పట్టుబడతాడు. ఆటలే మానేస్తానని మొండికేసే ఆడపిల్లలూ ఉంటారు. అందుకే ఈ వారం ఈ విషయం కాస్త వివరంగా చెప్పుకుందాం. ఖర్చు తక్కువ, పనీ తక్కువే. కావలసిందల్లా ఒక క్రమం.

అసలు ఈ వాసన ఎక్కడిది?

మన రెండు పాదాల్లో కలిపి సుమారు 2,50,000 స్వేద గ్రంథులు ఉంటాయట. అయితే చెమటకి దానంతట దానికి చెప్పుకోదగ్గ వాసన ఉండదు. మన చర్మం మీద ఎప్పుడూ నివసించే బాక్టీరియా ఉంటాయి. చీకటి, వెచ్చదనం, తడి మూడూ ఒకేచోట దొరికితే వాటికి పండగే. బిగించి కట్టిన బూటు లోపల ఆ మూడూ ఉంటాయి. అవి చెమటనీ, పాదాల నుంచి రాలే మృతచర్మాన్నీ తిని, కొన్ని ఆమ్లాలని వదులుతాయి. వాటిలో ముఖ్యమైనది ఐసోవలెరిక్ ఆమ్లం. పులిసి ముక్కిన ఆ ఘాటు దానిదే.

జపాన్‌లోని యోకొహామాలో షిసెయిడో పరిశోధనా కేంద్రం వాళ్ళు పాదాల వాసనకి కారణమైన రసాయనాలేవో తేల్చి చెప్పినందుకు 1992లో ఇగ్ నోబెల్ బహుమతి అందుకున్నారు. ముందు నవ్వించి, ఆ తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి అది. పాదాల మీద ఉండే బాక్టీరియాకి దగ్గరి చుట్టమైన బాక్టీరియానే లింబర్గర్ అనే విదేశీ చీజ్‌కి దాని కంపు తెచ్చిపెడుతుంది. మలేరియా దోమకి ఆ చీజ్ వాసనా, మనిషి పాదాల వాసనా ఒకేలా ఆకర్షణీయంగా ఉంటాయని చూపించిన ఇద్దరు శాస్త్రవేత్తలకి 2006లో అదే బహుమతి వచ్చింది!

ఇది మన దేశం దాకా కూడా వచ్చింది. ఢిల్లీ దగ్గర్లోని శివ్ నాడార్ విశ్వవిద్యాలయంలో వికాష్ కుమార్, సార్థక్ మిత్తల్ అనే ఇద్దరు హాస్టలు గదుల బయట వరసగా పెట్టిన బూట్లని చూసి ఒక పరిశోధన చేశారు. 149 మంది విద్యార్థులని అడిగితే, సగం మందికి పైగా తమ బూట్ల వాసన వల్లనో పక్కవాళ్ళ బూట్ల వాసన వల్లనో ఇబ్బంది పడుతున్నామన్నారు. వంటసోడా, టీ పొట్లాలు, సెంట్లు వాడి చూశాం, ఫలితం లేదనీ అన్నారు. అప్పుడు వాళ్ళు అతినీల లోహిత దీపం అమర్చిన బూట్ల అలమర తయారుచేశారు. రెండు మూడు నిమిషాల వెలుగుతో వాసన పోయింది. ఇంకా ఎక్కువసేపు ఉంచితే బూట్లు వేడెక్కి రబ్బరు కాలిన వాసన వచ్చింది. 2025లో వీళ్ళకీ ఇగ్ నోబెల్ దక్కింది. అలాంటి దీపం వెలుగు కళ్ళకీ చర్మానికీ మంచిది కాదు కాబట్టి, ఇంట్లో బల్బు కొనుక్కుని ప్రయోగాలు చేయకండి.

మరి సోడా పనిచేయలేదంటున్నారే, మన చిట్కాలన్నీ వృథానా అంటారా? కాదు. తడి బూటులో సోడా చల్లడం, తడి ఆరని పప్పుని డబ్బాలో పోసి పైన రెండు ఎండు మిరపకాయలు వేయడం లాంటిది. ముందు తడి పోవాలి. ఆ తర్వాతే ఏ చిట్కా అయినా. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం పని అయిపోయినట్లే.

ఇంటికి రాగానే అయిదు నిమిషాలు

మనం చేసే పెద్ద పొరపాటు, బూట్లు విప్పగానే చెప్పుల స్టాండులో పెట్టి తలుపు వేసేయడం. లోపలి తడి లోపలే ఉండిపోతుంది. ఇకనుంచి ఇలా అలవాటు చేయండి.

సాక్సులని బూట్లలో కుక్కనివ్వకండి. నేరుగా బట్టల బుట్టలోకి పోవాలి. చెమ్మగా ఉంటే బుట్ట అంచుమీద ఆరేయాలి.

లేసులు పూర్తిగా వదులు చేసి, బూటు నాలుకని ముందుకి లాగి నోరు బాగా తెరిచిపెట్టాలి. లోపల పాదం ఆనే మెత్తటి సోల్ ఊడి వచ్చేదైతే దాన్ని తీసి విడిగా నిలబెట్టాలి. చెమటని ఎక్కువగా పీల్చేది అదే. చాలామంది ఇళ్ళలో బూటు కొన్ననాటి నుంచి పారేసేదాకా ఆ సోల్ బయటి గాలి చూడదు!

పాత న్యూస్‌పేపర్ని ఉండలుగా చుట్టి బూటు కొస దాకా కూరండి. గంట తర్వాత తీసి చూస్తే కాగితం మెత్తబడి ఉంటుంది. ఆ చెమ్మంతా బూటులోదే. మళ్ళీ పొడి కాగితం పెట్టి, గాలి ఆడేచోట రాత్రంతా వదిలేయండి.

ఈ పనులన్నీ మీరే చేయనక్కర్లేదు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకి ఒక వారం పక్కన నిలబడి చూపిస్తే చాలు. వాళ్ళ బూట్లు వాళ్ళ బాధ్యత. మగపిల్లాడైతే మరీ నేర్పండి. రేపు హాస్టలుకి వెళ్ళినప్పుడు మిమ్మల్నే తలుచుకుంటాడు.

వంటసోడా ఎలా వాడాలి?

వాసనకి కారణం ఆమ్లాలని చెప్పుకున్నాం కదా. వంటసోడా క్షార గుణం గలది. ఆమ్లంతో కలిసి దాన్ని వాసన లేని లవణంగా మార్చేస్తుంది. అంటే సెంటులాగా వాసనని కప్పిపుచ్చదు, వాసనొచ్చే పదార్థాన్నే మార్చేస్తుంది.

బూటు పూర్తిగా ఆరిన తర్వాత ఒక్కొక్క దానిలో ఒకటిన్నర చెంచా వంటసోడా వేసి, అటూ ఇటూ కదిపి అంతటా పడేలా చేయండి. రాత్రంతా ఉంచి, పొద్దున బయటికి తీసుకెళ్ళి బోర్లించి బాగా దులపండి. పొడి మిగిలిపోతే చెమటతో కలిసి చర్మం మండుతుంది. పాత పలచటి సాక్సులో నాలుగు చెంచాల సోడా పోసి మూతి ముడివేసి బూటులో పెడితే దులిపే బాధ కూడా ఉండదు. పదిహేను రోజులకోసారి సోడా మార్చండి. వారానికి ఒకటి రెండుసార్లు చాలు. తోలు బూట్లకి మాత్రం తరచుగా వాడితే తోలు ఎండిపోయి బిరుసెక్కుతుంది.

ఒక జాగ్రత్త. వంటసోడా వేరు, బట్టలుతికే చాకలి సోడా వేరు. చాకలి సోడా ఘాటైనది, చర్మాన్ని కాలుస్తుంది. డబ్బాల మీద పేర్లు రాసి పెట్టుకోండి.

వంటసోడా లేకపోతే తెల్ల వెనిగర్ ఉంది. ఒక వంతు వెనిగర్‌కి రెండు వంతుల నీళ్ళు కలిపి, పాత గుడ్డ ముంచి పిండి బూటు లోపల తుడవండి. తర్వాత ఆరబెట్టండి. ఆరగానే వెనిగర్ వాసన కూడా పోతుంది. రెండూ కలిపితే రెట్టింపు గుణం వస్తుందనుకోకండి. సోడా, వెనిగర్ కలిస్తే బుసబుసమని పొంగి ఒకదాని శక్తిని ఒకటి పోగొట్టుకుంటాయి. చూడ్డానికి బాగుంటుంది తప్ప బూటుకి ఒరిగేదేమీ లేదు.

ఆదివారం ఉతుకు

గుడ్డతో చేసిన బూట్లు, తెల్ల కేన్వాస్ షూస్ రెండు వారాలకోసారి ఉతకాలి. శనివారం తెల్ల యూనిఫాం ఉన్న ఇళ్ళలో శనివారం సాయంత్రమే పని మొదలుపెడితే సోమవారానికి తీరిగ్గా ఆరతాయి.

లేసులు, లోపలి సోల్ తీసేయండి. అడుగున ఉన్న మట్టిని పాత టూత్‌బ్రష్షుతో దులపండి. అర బకెట్టు గోరువెచ్చటి నీళ్ళలో ఒక చెంచా సబ్బు పొడి కలిపి, బ్రష్షుతో లోపలా బయటా రుద్దండి. గంటల తరబడి నానబెట్టకండి, అతుకులు ఊడతాయి. వాసనంతా లోపలి సోల్‌లోనే ఉంటుంది కాబట్టి దాన్ని రెండువైపులా బాగా రుద్దండి. సబ్బు పూర్తిగా పోయేదాకా మూడుసార్లయినా జాడించాలి. తెల్ల బూట్ల మీద పసుపు మరకలు పడుతున్నాయని చాలామంది బాధ. సబ్బు మిగిలిపోయి ఆరడం దానికి ఒక కారణం.

పిండిన తర్వాత ముందు పాత నూలు గుడ్డతో లోపల ఒత్తి నీటిని పీల్చేయండి. తెల్ల బూట్లయితే నేరుగా న్యూస్‌పేపర్ పెట్టకండి, సిరా అంటుతుంది. తెల్ల కాగితంలో చుట్టి పెట్టండి. తర్వాత గోడకి ఏటవాలుగా ఆనించి నీరు కారేలా నిలబెట్టండి.

ఎండ విషయంలో మన వాళ్ళకి రెండు పద్ధతులు. కొందరు రోజంతా మండుటెండలో పెట్టేస్తారు. కొందరు అసలు పెట్టరు. పొద్దుటి ఎండ ఒక గంట, గంటన్నర మంచిదే. తడి లాగేస్తుంది, సూక్ష్మజీవులకీ గిట్టదు. కానీ మే నెల మధ్యాహ్నపు ఎండలో డాబా మీద పెడితే సోల్ అతికించిన జిగురు మెత్తబడుతుంది, లోపలి స్పాంజి కుంచించుకుపోతుంది. పొద్దుటి ఎండ తర్వాత నీడపట్టున గాలికి ఆరనివ్వండి.

తోలు బూట్లనీ, తోలు ముక్కలు కుట్టిన బూట్లనీ నీళ్ళలో ముంచకండి. తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టడమే.

ముసురు పట్టినప్పుడు

అసలు పరీక్ష వానాకాలంలోనే. జూన్‌లో బడులు తెరుస్తారు, వెనకాలే వానలూ వస్తాయి. నెల్లూరు వైపు వాళ్ళకైతే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో కూడా ముసురే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరాల్లో వాన లేకపోయినా గాలిలో చెమ్మ ఉంటుంది. అలాంటప్పుడు ఇలా చేయండి.

తడిసిన బూట్లలో కాగితం కూరి, అరగంటకోసారి రెండు మూడుసార్లు మార్చండి. తర్వాత టేబుల్ ఫ్యాన్ నేల మీద పెట్టి, బూట్ల నోళ్ళు ఫ్యాను వైపు తిప్పి మూడు నాలుగు గంటలు వదిలేయండి. పొయ్యి మీద పెనం పక్కన పెట్టడం, ఇస్త్రీ పెట్టె లోపలికి దూర్చడం ఎంతమాత్రం వద్దు. ఫ్రిజ్ వెనక వెచ్చగా ఉంటుందని అక్కడ దాచేవాళ్ళూ ఉన్నారు. వంటింట్లోకి బూట్లు ఎందుకు చెప్పండి?

కొత్త బ్యాగుల్లో, మందు సీసాల్లో వచ్చే చిన్న సిలికా పొట్లాలని పారేయకుండా దాచి, రాత్రి పూట బూట్లలో రెండేసి వేస్తే మిగిలిన చెమ్మని పీలుస్తాయి. పసిపిల్లలున్న ఇంట్లో మాత్రం అవి వాళ్ళ చేతికి అందకూడదు.

బాగా ముసురుగా ఉన్న రోజు బూట్లు ఆరలేదని తెలిస్తే, తడి బూట్లతో పంపడం కన్నా చెప్పులతో పంపి, డైరీలో టీచరుగారికి ఒక ముక్క రాయడం మంచిది.

రెండు జతలు దుబారా కాదు

రోజూ చెమట పట్టే బూటు పూర్తిగా ఆరడానికి ఇరవైనాలుగు గంటలు పడుతుంది. ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఒకే జతని రోజూ వేసుకుంటే అది ఎన్నటికీ ఆరదు. అందుకే వీలైతే రెండు జతలు ఉంచి రోజు మార్చి రోజు వేయించండి. "ఒక జతకే దిక్కులేదు, రెండెక్కడ?" అంటారా? ఖరీదైన జత ఒకటి కొనే బదులు, మధ్యరకం రెండు జతలు కొంటే రెండూ ఎక్కువకాలం వస్తాయి. అదీ కుదరకపోతే లోపలి సోళ్ళు ఒక జత అదనంగా కొనండి. చెప్పుల దుకాణాల్లో విడిగా దొరుకుతాయి. ఒకటి ఆరుతుంటే ఇంకొకటి వాడచ్చు.

కొనేటప్పుడు సాయంత్రం పూట తీసుకెళ్ళండి. రోజంతా నడిచాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి కొలత సరిగ్గా తెలుస్తుంది. పైన జాలీ గుడ్డ ఉన్నవి గాలి ఆడనిస్తాయి. ప్లాస్టిక్ తోలువి తళతళలాడతాయి కానీ లోపల ఆవిరి కుండే. అన్న బూట్లు తమ్ముడికి ఇచ్చేటప్పుడు లోపలి సోల్ మార్చి, శుభ్రంగా ఉతికి మరీ ఇవ్వండి.

సాక్సుల సంగతి

ఎంత శుభ్రమైన బూటైనా నిన్నటి సాక్సు వేసుకుంటే ఇవాళే వాసన వస్తుంది. రోజుకో జత తప్పనిసరి. ఆటలున్న రోజు బ్యాగులో ఇంకో జత పెట్టండి. ఆట అయ్యాక మార్చుకుంటే సాయంత్రానికి ఎంతో తేడా ఉంటుంది. చవక నైలాన్ సాక్సులు చెమటని పీల్చవు. నూలు పాలు ఎక్కువున్నవి రోజువారీ బడికి మేలు. గంటల తరబడి పరుగెత్తేవాళ్ళకి మాత్రం నూలు తడిసి ముద్దయి బొబ్బలు వస్తాయి. వాళ్ళకి చెమటని బయటికి లాగే స్పోర్ట్స్ సాక్సులు నయం.

ఉతికేటప్పుడు తిరగేసి ఉతకండి. మృతచర్మం, చెమట లోపలివైపే ఉంటాయి. వేడినీళ్ళు తట్టుకునే నూలు సాక్సులని 60 డిగ్రీల నీళ్ళలో ఉతికితే చాలావరకు సూక్ష్మజీవులు చస్తాయి.

పాదాల మీద కూడా దృష్టి పెట్టండి

కాళ్ళమీద నీళ్ళు పోసుకుంటే కడుక్కున్నట్లు కాదు. సబ్బుతో వేళ్ళ సందులు రుద్దాలి. అంతకన్నా ముఖ్యం, తుండుతో ప్రతి సందూ తుడవాలి. తడి కాళ్ళతో సాక్సు తొడిగితే మనమే బాక్టీరియాని పిలిచి పీట వేసినట్లు. వారానికోసారి మడమలని నురుగురాయితో రుద్దితే మృతచర్మం పోతుంది. గోళ్ళు కత్తిరించడం మరిచిపోకండి.

మంగలి షాపులో గడ్డం గీశాక రాసే పటిక ఉంది చూశారూ, దానికి చర్మాన్ని బిగించి చెమటని తగ్గించే గుణం ఉంది. చిన్న ముక్కని ఒక బకెట్టు అడుగు నీళ్ళలో కరిగించి పది నిమిషాలు పాదాలు పెట్టించండి. టీ కూడా అలాంటిదే. రెండు చెంచాల టీ పొడిని అర లీటరు నీళ్ళలో పావుగంట మరిగించి వడకట్టి, చన్నీళ్ళు కలిపి అందులో పాదాలు ఇరవై నిమిషాలు ఉంచాలి. పాలూ పంచదారా అక్కర్లేదు సుమండీ! పుండ్లు, పగుళ్ళు ఉన్నప్పుడు మాత్రం ఈ రెండూ వద్దు.

ఇవి మాత్రం చేయకండి

* కలరా ఉండలు బూట్లలో వేయకండి. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లల్లో వాటి ఆవిరికే రక్తకణాలు విచ్ఛిన్నమయ్యే ప్రమాదం ఉంది. లోపం ఉందో లేదో పైకి కనపడదు.

* కర్పూరం కూడా పిల్లలకి అందేచోట పెట్టకండి. మింగితే ఫిట్స్ వస్తాయి.

* బ్లీచింగ్ ద్రవంతో వెనిగర్ గానీ, బాత్‌రూము కడిగే యాసిడ్ గానీ ఎప్పుడూ కలపకండి. విషవాయువు పుడుతుంది.

* బూట్లని కవరులో చుట్టి ఫ్రీజర్‌లో పెడితే క్రిములు చస్తాయని ఎవరో చెబుతారు. చలికి చాలా క్రిములు చావవు, నిద్రపోతాయంతే. పాదం వెచ్చదనం తగలగానే లేస్తాయి.

* సెంటు, టాల్కం పౌడరు తడి బూటులో కొడితే వాసనలు రెండవుతాయి. పైగా పౌడరు ముద్దకడుతుంది.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

ఇవన్నీ మూడు నాలుగు వారాలు వరసగా చేసినా వాసన తగ్గకపోతే పాదాన్ని వెలుతురులో చూడండి. వేళ్ళ సందుల్లో, ముఖ్యంగా చిటికెన వేలి పక్కన, చర్మం తెల్లగా నానిపోయి, పొరలుగా ఊడి, దురదపెడుతోందా? అది ఫంగస్ అయి ఉండచ్చు. అరికాలి మీద సూదితో పొడిచినట్లు చిన్న చిన్న గుంటలు ఉండి, విపరీతమైన వాసన వస్తోందా? అది బాక్టీరియా వల్ల వచ్చే చర్మవ్యాధి. రెండింటికీ మంచి మందులున్నాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. మందుల షాపుకి వెళ్ళి "దురదకి ఏదైనా ఇవ్వండి" అని ట్యూబు తెచ్చుకోకండి. అలాంటి చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద హాయిగా తగ్గుతుంది, లోపల ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. తొడల దాకా, నడుం దాకా తామర పాకాక అప్పుడు చర్మవైద్యుడి దగ్గరికి పరుగెడతారు. ఈ ట్యూబుల వాడకం వల్ల మన దేశంలో మొండి తామర పెద్ద సమస్య అయి కూర్చుంది. డాక్టరు ఎన్నాళ్ళు వాడమంటే అన్నాళ్ళూ, దురద తగ్గిపోయినా సరే, మందు వాడాలి. ఆ రోజుల్లో బూట్లూ, సాక్సులూ, తుండూ ఎవరివి వారికే. బూట్లని శుభ్రం చేయకపోతే తగ్గిన ఫంగస్ మళ్ళీ వాటిలోంచే అంటుకుంటుంది.

షుగరు ఉన్న పెద్దవాళ్ళ సంగతి ఇంకా జాగ్రత్త. వాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గి, చిన్న పుండు కూడా తెలియదు. రోజూ రాత్రి అత్తగారి పాదాలో, మామగారి పాదాలో ఒకసారి చూడండి. వేళ్ళ సందులు పొడిగా ఉంచండి. వాళ్ళకి పటిక నీళ్ళు, టీ నీళ్ళు ప్రయోగించకండి. కొత్తగా వాసన వచ్చినా, రసి కారినా ఆ రోజే డాక్టరుకి చూపించండి.

కొంతమందికి పుట్టుకతోనే అరికాళ్ళకి చెమట ఎక్కువ. కాగితం మీద నిలబడితే అడుగుల గుర్తు పడుతుంది. ఇది వాళ్ళ తప్పు కాదు. దీనికి అల్యూమినియం క్లోరైడ్ ఉన్న మందులు వైద్యులు ఇస్తారు.

చివరగా పిల్లల మనసు గురించి

ఎదిగే వయసులో శరీరంలో జరిగే మార్పుల వల్ల చెమట ఎక్కువవుతుంది. గర్భిణులకీ అంతే. అది శుభ్రత లేకపోవడం కాదు. చుట్టాల ముందు "వీడి బూట్లు విప్పితే వీధి వీధంతా ఖాళీ!" అని మనం సరదాగా అనే మాట వాడికి సరదాగా ఉండదు. పిల్లని తిట్టే బదులు పక్కన కూర్చోబెట్టుకుని, "ఇదిగో ఇందుకు వాసన వస్తుంది, ఇలా చేస్తే పోతుంది" అని చెప్పి చూడండి. సిగ్గుతో తల దించుకోవలసిన పని లేదని తెలిస్తే సగం బరువు దిగిపోతుంది. పనీ వాళ్ళే చేసుకుంటారు.

ఈ నాలుగూ కాగితం మీద రాసి చెప్పుల స్టాండు మీద అంటించండి

* బూటు విప్పగానే నోరు తెరువు, సోల్ బయటపెట్టు, కాగితం కూరు.

* ఆరిన బూటులోనే వంటసోడా. పొద్దున దులపడం మరువకు.

* నిన్నటి సాక్సు ఇవాళ వద్దు. తడి కాలికి సాక్సు అసలే వద్దు.

* చెప్పుల స్టాండు తలుపు రాత్రంతా తెరిచే ఉండాలి.

ఒక నెల ఇలా చేసి చూడండి. బూట్ల పని తగ్గుతుంది, అగరొత్తుల ఖర్చూ తగ్గుతుంది. ఆ అగరొత్తి దేవుడి ముందే వెలిగించుకోవచ్చు. మీ ఇంట్లో పనిచేసిన చిట్కా ఇంకేదైనా ఉంటే మాకు రాయండి, తోటి ఇల్లాళ్ళకీ ఉపయోగపడుతుంది.